మీర్‌పేట్ నుండి రెడ్‌హిల్స్ దాక

దిల్‌సుఖ్‌నగర్ కూడలి నుండి ఎల్.బి.నగర్ వైపు సాగు రాజమార్గమున నడచువారికి, ఒకనాడు కోచింగ్ కేంద్రముల బోర్డులును హాస్టళ్ల బోర్డులును మాత్రమే కన్పట్టిన తావులందు, నేడు వానితోపాటు స్కానింగ్ సెంటర్ల దీపఫలకములును వరుసగా కానవచ్చుచున్నవి. కర్మన్‌ఘాట్, చంపాపేట్, మీర్‌పేట్, బాలాపూర్ ప్రాంతములలోని సామాన్య కుటుంబములు, కడుపులో గడ్డ యనిగాని ఊపిరితిత్తిలో మచ్చ యనిగాని వైద్యుడు అనుమానమును వెలిబుచ్చిన నాడే సీటీ స్కాను తీయించుకొని, ఫిల్ముల సంచి చేతబట్టుకొని, ప్రొద్దు గ్రుంకులోపల ఆటోలో ఇల్లు చేరగల కాలము వచ్చినది. ఇట్టి పరీక్షకై నగరమధ్యమునకు పోయి వంతుకై వేచియుండవలసివచ్చిన తరమువారు ఈ ప్రాంతమున ఇంకను ఉన్నారు గనుక, ఇది ఎంత మేలో వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను ఈ సౌలభ్యము వెంట ఒక విపరీతక్రమము కూడ మన ఇండ్లలో ప్రవేశించినది. అనుమానము కలిగినంతనే అల్ట్రాసౌండు, దాని వెనుక సీటీ, సందేహము తీరలేదని ఎం.ఆర్.ఐ., దూరపు బంధువు ఫోనులో సలహా చెప్పెనని పెట్ స్కాను, ఇట్లు ఒకదాని తరువాత నొకటిగా సాగి, పుస్తెలతాడు తాకట్టునకు పోయిన పిమ్మట గాని, ఆ గడ్డ నుండి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపవలెనను ఆలోచన రాకుండుట నేను ఈ ప్రాంతమున పలుమార్లు చూచితిని. స్కాను చిత్రము గడ్డ ఎక్కడ నున్నదో చెప్పును, ఎంత యున్నదో చెప్పును; అది ఏమియో తేల్చవలసినది సామాన్యముగా ముక్క పరీక్ష. ‘ఎక్కడ’, ‘ఎంత’ అను ప్రశ్నలకు మన ధనమంతయు వ్యయమై, ‘ఏమి’ అను ప్రశ్నవద్ద మనము రిక్తహస్తులమై నిలుచుటయే నా ఆవేదనకు కారణము.

చిత్రవైద్యము సాధించిన దానిని తక్కువచేసి పలుకుట నా ఉద్దేశము గాదు. 1895 నవంబరులో జర్మనీదేశపు రాంట్‌గెన్ పండితుడు ఎక్స్-కిరణములను కనుగొన్న పిమ్మట డెబ్బదియైదేండ్లకు పైగా, వైద్యుడు మానవదేహమును ప్రధానముగ ఒక పలకమీద పడిన నీడగానే చూడగలిగెను. ఎముకయు గుండెయు ఊపిరితిత్తియు ఒకదానిపై నొకటి పడి కలగలిసిన ఆ నీడలో మెత్తని అవయవముల జాడ తెలియుట దుర్ఘటము. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులోని అట్కిన్‌సన్ మార్లే ఆసుపత్రిలో, మెదడున కణితి యున్నదని అనుమానింపబడిన ఒక స్త్రీ శిరస్సును, గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అను ఇంజనీరు నిర్మించిన యంత్రము అడ్డుకోతలుగా చూపినది. ఆ యంత్రమునకు మూలమైన గణితమును వేరుగ సాధించిన అలన్ కార్మాక్‌తో కలిపి 1979లో ఆయనకు నోబెల్ బహుమతి నిచ్చిరి. సీటీ రాకపూర్వము కడుపులోని క్యాన్సర్ ఎంతదాక ప్రాకినదో తెలిసికొనుటకు శస్త్రవైద్యునికి కోసి చూచుటయే శరణ్యముగా నుండెడిది. కోసి చూచి, కాలేయమంతయు వ్యాపించినదని గ్రహించి, చేయునది లేక మరల కుట్టివేసిన సందర్భములు ఆనాటి వైద్యుల అనుభవమున కొల్లలు. ఆ వృథాబాధ నేడు చాలవరకు తప్పినది.

అంతకంటెను సూక్ష్మమైన ఉపకారములు కలవు. పురీషనాళమున క్యాన్సర్ వచ్చినవారికి ఎం.ఆర్.ఐ. చిత్రము, కణితికిని దానిని చుట్టియున్న క్రొవ్వు పొర అంచునకును నడుమ ఎంత ఎడమున్నదో చూపును. ఆ ఎడము ఒక మిల్లీమీటరునకు లోబడినచో, ముందు రేడియేషనుతో కణితిని కుదించి, తరువాతనే కత్తిపట్టుట మేలని వైద్యులు నిర్ణయింతురు. ఒక్క మిల్లీమీటరు మీద చికిత్సాక్రమమే మారిపోవును. రేడియేషన్ ఇచ్చువారు సీటీ చిత్రముమీదనే కణితి హద్దులు గీసి, వెన్నుపాము, గుండె మొదలగు అవయవములకు కిరణము తగులకుండ దారి నిర్ణయించుకొందురు. హాడ్జ్‌కిన్ లింఫోమా అను క్యాన్సర్ ముదిరిన రోగులపై జరిగి 2016లో ప్రకటింపబడిన పరిశోధన ఒకటి, రెండు విడతల కీమో తరువాత పెట్ స్కాను శుభ్రముగా నున్నవారికి, ఊపిరితిత్తులను దెబ్బతీయు బ్లియోమైసిన్ అను మందును ఆపై విడతలలో మానివేసినను చెప్పుకోదగిన నష్టము కలుగలేదని చూపినది. రోగికి ఏ మందు అక్కరలేదో చెప్పగల శక్తిని నేను చిత్రవైద్యపు ఉత్తమఫలముగా భావింతును.

ఇక దాని అవధులను చూడవలసియున్నది. ఇందు పెట్ స్కానును గూర్చియే కొంత విపులముగ వ్రాయవలెను, ఏలయన మన ప్రాంతమున ‘ఒళ్లంతా చూపించే స్కాను’ అని దానికి కలిగిన ప్రతిష్ఠ మరి దేనికిని లేదు. ఆ పరీక్షలో రోగి నరములోని కెక్కించునది చక్కెరను పోలిన ద్రవ్యము. దానికి ఫ్లోరిన్-18 అను రేడియోధార్మిక పరమాణువును జోడింతురు. దాని శక్తి 110 నిమిషములకు సగమైపోవును గనుక, సైక్లోట్రాన్ అను యంత్రము నుండి తెచ్చిన మందును రోగుల వేళలతో నిమిషముల లెక్కన సరిచూచుకొని వాడుదురు. పరగడుపున రమ్మనుట కారణము లేని నియమము కాదు; రక్తమున చక్కెర అదుపులో లేని మధుమేహరోగి ఆ స్థితిలోనే స్కానుకు పడుకొన్నచో చిత్రము మసకబారి, అంత ధనమును నిష్ప్రయోజనము కావచ్చును. క్యాన్సర్ కణములు చక్కెరను ఆబగా గ్రహించునని ఒట్టో వార్బర్గ్ అను శాస్త్రజ్ఞుడు 1920ల దశకముననే గుర్తించెను. ఆ గుణమునే ఈ పరీక్ష వెలుగుగా మార్చి చూపుచున్నది.

కాని చక్కెరను ఆబగా గ్రహించునవి క్యాన్సర్ కణములు మాత్రమే కావు. క్షయవ్యాధి సోకిన గ్రంథులు వెలుగును. మానుచున్న శస్త్రచికిత్స గాయము వెలుగును. చీముపట్టిన చోటెల్ల వెలుగును. ప్రపంచమందలి క్షయరోగులలో సుమారు నాల్గవ వంతు మన దేశముననే యుండగా, ఛాతీ మధ్యనున్న గ్రంథులు వెలిగినంతమాత్రమున క్యాన్సర్ అక్కడికి ప్రాకినదని నిశ్చయించుట ఎంత ప్రమాదకరమో ఆలోచింపుడు. శస్త్రచికిత్సతో నయము కాగల రోగిని, నాల్గవ దశ యని పొరబడి, ఆశ లేనివారి వరుసలో నిలబెట్టుట జరుగవచ్చును. దీనికి ఎదురుదారిలో నడచు పొరపాటు మన దేశమున మరింత తఱచు: ఎక్స్-రేలో మచ్చ కనిపించినంతనే క్షయ యని తలచి, కఫపరీక్షగాని ముక్క పరీక్షగాని లేకుండ నెలలతరబడి టీబీ మాత్రలు మ్రింగించి, తగ్గనప్పుడు వెదకిచూడగా ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరియుండుట. ఈ రెండు పొరపాట్లలోను యంత్రము చక్కగానే పనిచేసినది. దానిని అడుగరాని ప్రశ్న మనము అడిగితిమి. ఉపగ్రహచిత్రమున చేను పచ్చగా నున్నదని తెలియును. అది వరియో కలుపో తెలియుటకు గట్టుదిగి ఒక మొక్కను పెరికి చూడవలసినదే.

వెలుగక ఊరకుండు క్యాన్సర్లును కలవు. మెల్లగా పెరుగు ప్రొస్టేట్ కణితులును, జిగురుద్రవ్యముతో నిండిన కొన్ని కడుపు కణితులును ఈ చక్కెరను అంతగా గ్రహింపవు. ప్రొస్టేట్ విషయమున పి.ఎస్.ఎం.ఏ. అను వేరొక అణువును వెదకు పెట్ స్కాను ఆ లోటును చాలవరకు తీర్చినది. మెదడు స్వభావముచేతనే చక్కెరను విశేషముగ వాడుకొనును గనుక, అక్కడి చిన్న మచ్చ ఆ వెలుగులో మునిగిపోవును, అందుకు ఎం.ఆర్.ఐ. కావలెను. ఏ స్కాను గొప్పది అని అడుగువారు, ఏ ప్రశ్నకు అని ముందుగా తేల్చుకొనవలసియున్నది.

ముక్క పరీక్ష యనగానే మన ఇండ్లలో ఒక భయము లేచును. గడ్డకు సూదిగాని కత్తిగాని తగిలినచో క్యాన్సర్ ఒళ్లంతయు ప్రాకునని పెద్దలు చెప్పుదురు. ఆ మాట విని ఇల్లాండ్రు స్తనములోని గడ్డను దాచుకొని, నాటుమందు కట్టుకొని, పుండుపడినపిమ్మట ఆసుపత్రికి వచ్చుచున్నారు. సూది వెళ్లిన దారిలో కణములు నాటుకొనుట మిక్కిలి అరుదు. వృషణము, అండాశయము, కాలేయము, చేతికాళ్ల కండరములు మొదలగు కొన్ని చోట్ల మాత్రము, సూది వేయవలెనా, వేసినచో ఏ దారిన వేయవలెనో వైద్యులు ముందుగా విచారించుకొందురు; కాలేయమున కొన్ని సందర్భములలో చిత్రమే చాలునని కూడ నిర్ణయింతురు. స్తనములోని గడ్డకు సూది పరీక్ష చేయించుకొనినందున కలుగు నష్టము, దానికి భయపడి ఆరుమాసములు జాగుచేసినందున కలుగు నష్టముతో పోల్చదగినది కాదు.

ఇంకొక అపార్థము చికిత్స నడుమ తలయెత్తుచున్నది. శస్త్రచికిత్స ముగిసి, స్కానులో ఏమియు లేదని రిపోర్టు రాగానే, ‘అంతా పోయింది గదా, మళ్లీ కీమో ఎందుకండీ?’ అని రోగి భర్తయో కొడుకో అడుగును. న్యాయమైన ప్రశ్నయే. కాని ఒక సెంటీమీటరు కణితిలోనే కోట్లకొలది కణములుండును. కొన్ని మిల్లీమీటర్లకు లోబడిన గుంపులను నేటి యంత్రములు నమ్మదగిన రీతిలో చూపజాలవు. రక్తములోనో ఎముకమజ్జలోనో చెదరి దాగిన కణములకొఱకే ఆ కీమో. ‘ఏమియు లేదు’ అను రిపోర్టునకు ‘ఈ యంత్రమునకు కనిపించునది ఏదియు లేదు’ అని మాత్రమే అర్థమని డిశ్చార్జి నాడే ఎవరైన నెమ్మదిగా విడమరచి చెప్పినచో, సగము చికిత్సలో మానివేయువారు తగ్గుదురని నా నమ్మకము.

ఆరోగ్యవంతులకు స్కాన్లు అమ్మజూపు ధోరణిని నేను గట్టిగా వ్యతిరేకించుచున్నాను. ఒంటిలో ఏ బాధయు లేనివానిని ఆపాదమస్తకము స్కాను చేయించి క్యాన్సరును ముందే పట్టుకొందుమను పాకేజీలు వినసొంపుగా నుండును. దక్షిణ కొరియాలో జరిగినది చూడుడు. 1999లో ఆరంభమైన జాతీయ పరీక్షా కార్యక్రమములో లేకున్నను, గొంతు అల్ట్రాసౌండును ఆసుపత్రులు స్వల్పమూల్యమునకు దానితో జోడించి చేయసాగినవి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ల నమోదు 1993 నాటికంటె పదునైదు రెట్లు పెరిగెను. ఆ వ్యాధిచే మరణించువారి సంఖ్యలో మాత్రము మార్పు లేదు. ఎన్నడును ప్రాణమునకు కీడుచేయని కణుతులకై వేలకొలది ప్రజలు గొంతు కోయించుకొని, జన్మాంతము మాత్రలకు కట్టుబడిరి. మేలు రుజువైనచోట కూడ వెల చెల్లింపక తప్పదు. అమెరికాలో దీర్ఘకాలము విస్తారముగ పొగత్రాగిన 53 వేలమందిపై జరిపి 2011లో ప్రకటించిన పరిశోధనలో, స్వల్పరేడియేషన్ సీటీ వలన ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణములు 20 శాతము తగ్గినవి. కాని అనుమానాస్పదమని తేలిన ఫలితములలో సుమారు 96 శాతము తుదకు క్యాన్సర్ కాకపోయెను. క్షయ వదలిపోయిన మచ్చలు ఇంత విరివిగానున్న మన ఊళ్లలో ఆ అనుమానములు ఇంకెంత పెరుగునో ఊహింపవచ్చును. పైగా సాధారణమైన ఉదరపు సీటీ ఒకదానితో దేహమునకు సోకు రేడియేషన్, ప్రకృతినుండి మూడు నాలుగేండ్లలో సోకుదానితో ఇంచుమించు సమానము. రోగికి అది చెల్లింపదగిన వెలయే. ఏ వ్యాధిలక్షణమును లేనివారికి మాత్రము కాదు.

ముందుగ పట్టుకొనవలెనను కోరిక మంచిదే; దానికి మన బస్తీలలో ఇంతకంటె చవుకయైన మార్గములు కలవు. ముంబయి నగరపు బస్తీలలో టాటా స్మారక ఆసుపత్రివారు లక్షన్నరమంది స్త్రీలపై ఇరువదేండ్లు సాగించి 2021లో ఫలితములు ప్రకటించిన పరిశోధనలో, శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్తలు రెండేండ్ల కొకమారు చేతితో స్తనపరీక్ష చేయుటవలన, ఏబదియేండ్లు దాటినవారిలో స్తనక్యాన్సర్ మరణములు దాదాపు 30 శాతము తగ్గినవి. అంతకు చిన్నవారిలో ఆ లాభము కనబడలేదని కూడ వారు దాచక చెప్పిరి. ఆ స్త్రీలలోనే, వెనిగరు పూసి గర్భాశయముఖమును కంటితో పరిశీలించుటవలన ఆ క్యాన్సర్ మరణములు 31 శాతము తగ్గినవి. కేరళలో నోటిని వెలుతురులో చూచుట అను అతిసామాన్యమైన పరీక్ష, పొగాకు మద్యము వాడువారిలో నోటి క్యాన్సర్ మరణములను మూడవ వంతు తగ్గించినట్లు 2005లో వెల్లడియైనది. గుట్కా నమలువారికి కొదువలేని మన అడ్డాలలో, ఆటోస్టాండులలో, ఈ పరీక్షకు కావలసినది ఒక టార్చిలైటును, చూచుట నేర్చిన మనిషియును. 2018 నుండి వెలసిన బస్తీ దవాఖానాలలో ఈ మూడు పరీక్షలు వారమున కొకనాడైన శ్రద్ధగా జరిగినచో, జిల్లెలగూడ, మీర్‌పేట్ వాసులకు కలుగు మేలు ఏ పెట్ స్కాను పాకేజీవలనను కలుగనేరదు. మామోగ్రామ్ మంచి సాధనమే గాని, వయసులోనున్నవారి దట్టమైన స్తనములలో అది గడ్డను చూపక తప్పిపోవుట తఱచు. చేతికి గడ్డ తగులుచుండగా మామోగ్రామ్ శుభ్రముగా నున్నదని ఊరకుండుట తగదు, సూది పరీక్ష చేయించవలసినదే.

చిత్రమునకు విలువ తెచ్చువాడు దానిని చదువు వైద్యుడు. ఈ విద్యలో తెలుగువారికి మార్గదర్శియైనవారు డాక్టర్ కాకర్ల సుబ్బారావుగారు. 1925లో కృష్ణాజిల్లా పెదముత్తేవిలో జన్మించి, విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించి, ఉస్మానియా వైద్యకళాశాలలో రేడియాలజీ బోధించి, అమెరికాలో ఆచార్యపదవి నలంకరించిన ఆయన, 1980ల దశకమున స్వదేశమునకు మరలివచ్చి పంజగుట్టలోని నిమ్స్ సంచాలకులై దానిని తీర్చిదిద్దిరి. 2021లో పరమపదించువరకును యువవైద్యులకు ఫిల్ములు చదువుట నేర్పుటయే వ్రతముగ నుండిరి. అంతటివారు బోధనకు ఎందుకు అంకితమైరో, నేటి స్కానింగ్ సెంటర్ల తీరు చూచినవారికి అర్థము కాగలదు. సెంటరునకు చేరు చీటీమీద ‘సీటీ అబ్డామెన్’ అని రెండు మాటలు తప్ప రోగి వయసు, బాధ, పూర్వచికిత్స, పాత ముక్క పరీక్ష ఏమని చెప్పినది, ఏ ఒక్కటియు ఉండదు. పాత ఫిల్ములు బీరువాలో నుండిపోవును. రాత్రికి రాత్రి పదులకొలది స్కాన్లను దూరమునుండి కంప్యూటరు తెరపై చదువు వైద్యుడు, అట్టి చీటీని ఆధారము చేసికొని ఏమి నిశ్చయింపగలడు? ‘వైద్యపరీక్షతో సరిచూచుకొనవలెను’ అని వ్రాసి ముగించును. ఆ రిపోర్టును ఇంటిల్లిపాది ఫోనులో వెదకి, ఆంగ్లపదములకు అర్థములు తీసి, నిద్రలేక గడపుదురు.

కృత్రిమమేధ ఈ కొరత తీర్చునని కొందరందురు. స్వీడను దేశమున ఎనుబదివేలమంది స్త్రీల మామోగ్రాములపై జరిపి 2023లో ప్రకటించిన పరిశోధనలో, యంత్రసహాయముతో చదివినచో వైద్యుల పఠనభారము 44 శాతము తగ్గినను, పట్టుబడిన క్యాన్సర్లు తగ్గలేదు. అది స్వాగతింపదగినదే. కాని రోగి చరిత్ర లేని చీటీ యంత్రమునకును చరిత్ర లేని చీటీయే.

మీర్‌పేట్ రోగి చివరకు చేరవలసినచోటు తఱచు లకిడీకపూల్ చెంత రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి. మెహదీ నవాజ్ జంగ్ గారి పేరిట నిలిచిన ఆ సంస్థ 1955 నుండి పేదలకు దిక్కైయున్నది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి లకిడీకపూల్‌లో దిగవచ్చును; అదే దారిలో ముందుకుపోయిన నిమ్స్ కూడ వచ్చును. దారి సుగమమైనను, అక్కడికి చేరులోపలనే రెండు మూడు స్కాన్లకు ధనము ముగిసి, అవి సరిపోవనియో పాతబడినవనియో మరల తీయవలసివచ్చుట జరుగుచున్నది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెటు ఉండిన స్థలమున టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగినది. అందు ఎన్ని స్లైసుల సీటీ వచ్చునని అడుగుటకంటె, ముక్కలను చదువు పాథాలజీ విభాగమున ఎందరు వైద్యులుందురు, రిపోర్టు ఎన్ని దినములలో వచ్చును, రేడియాలజిస్టు, పాథాలజిస్టు, శస్త్రవైద్యుడు, క్యాన్సర్ వైద్యుడు వారమున కొకమారైన ఒకే గదిలో కూర్చుండి ఒక్కొక్క రోగిని గూర్చి చర్చింతురా అని ఈ ప్రాంతపు ప్రజలు, ప్రజాప్రతినిధులు అడుగవలెను. యంత్రము కొనుగోలు ఒకనాటి వార్త. ఆ గదిలోని చర్చ అనుదినము ప్రాణములు నిలుపునది.

అంతవరకు వేచియుండనక్కరలేని పని యొకటి కలదు. ఏ స్కాను రిపోర్టుతోనైనను తెలుగున ఒక పుట జతచేయవచ్చును: ఏమి కనిపించినది, ఏమి తేలలేదు, తేలుటకు తరువాత ఏ పరీక్ష కావలెను, ఎక్కడికి పోవలెను, ఈ ఫిల్ములను, డిస్కును పారవేయక ప్రతి వైద్యునివద్దకును తీసికొనిపోవలెనని. దానికి క్రొత్త యంత్రముగాని ప్రభుత్వపు జీవోగాని అక్కరలేదు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దారిలోని సెంటర్లవారు తలచుకొన్నచో, వచ్చు సోమవారమునుండియే ప్రారంభింపవచ్చును.